తాత లేని గంట

ఆ రోజు పొద్దున తాత వేసుకున్న పథకం చాలా చిన్నది. డైరెక్టర్ వచ్చేలోపు స్టోరు గదిలో దాక్కోవాలి.

తాత ఆ ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. డీఎన్ఏకి తగిలిన దెబ్బల్ని బాగుచేసే ఎంజైము ఒకటి, దాని చుట్టాలు కొన్ని. వాటిమీదే అక్కడ పరిశోధన. ఆ చుట్టాల్లో కొన్ని ఏం చేస్తాయో ఎవరికీ సరిగ్గా తెలియదు.

"మరెలా తెలుసుకుంటారమ్మా?" అని ముందురోజు పరిశోధక విద్యార్థినిని అడిగాడు.

"ఒక్కోదాన్ని కణంలోంచి తీసేసి, ఏం ఆగిపోతుందో చూస్తాం తాతా."

ఆ సాయంత్రమే గుమాస్తా బల్లమీద ఒక కాగితం కనిపించింది. ఉద్యోగం తీసేయదగినవాళ్ల జాబితా. అందులో తన పేరు. పక్కన, "పని: స్పష్టంగా తెలియదు."

అందుకే ఇప్పుడు చీకట్లో, ఖాళీ సీసాల మధ్య ముడుచుకుని, తలుపుకి చెవి ఆనించాడు.

బయట తాత కుర్చీ ఖాళీగా ఉండటం విద్యార్థిని చూసింది. తాత వచ్చినట్టే ఉండాలని, రోజూ ఆయన చేసే పని తనే చేసింది. నీళ్ల డ్రమ్ముకి కొళాయి తిప్పి, ఎవరైనా చూస్తారేమోనని తన గదిలోకి పరుగెత్తింది. నీళ్ల చప్పుడు విని, తాత వచ్చాడనుకున్నాడు గుమాస్తా. ఇంతలో డైరెక్టర్ వచ్చాడు.

"ఆ అటెండరేడయ్యా?"

"అదిగో సార్, లోపల నీళ్లు పడుతున్నాడు."

గదిలోంచి ఆ మాట విని విద్యార్థిని, తాత వచ్చేశాడనుకుని కొళాయి సంగతి మరిచిపోయింది.

కాసేపటికి తలుపు కిందినుంచి చల్లగా ఏదో తాత పాదాలను తాకింది. నీళ్లు. ఫ్రీజరు తీగ గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీదే ఉంటుంది. ఆ ఫ్రీజరులో పదకొండేళ్లుగా దాచిన కణాలున్నాయి. బయటికెళ్తే దాక్కున్నందుకు ఉద్యోగం పోతుంది, వెళ్లకపోతే ఫ్రీజరు పోతుంది. తాత తలుపు తోశాడు.

మెయిన్ స్విచ్ ఆపాడు, కొళాయి కట్టేశాడు, నీళ్లు అందబోతున్న బోర్డు తీసి బల్లమీద పెట్టాడు. తిరిగి చూస్తే వెనకాల డైరెక్టర్, తడిసిన బూట్లతో.

"ఎక్కడున్నావు ఇంతసేపూ?"

"స్టోరులో సార్. నేను లేకపోతే ఏం ఆగిపోతుందో చూద్దామని."

"ఏం ఆగింది మరి?"

తాత నేలకేసి చూశాడు. "ఏదీ ఆగలేదు సార్. నీళ్లు కూడా."

డైరెక్టర్ గుమాస్తాని, విద్యార్థినిని పిలిచి, కొళాయి ఎవరు తిప్పారో, తాతని ఎవరు చూశారో అడిగాడు. తిప్పింది తనేనంది విద్యార్థిని. చప్పుడు విన్నానే గాని చూడలేదన్నాడు గుమాస్తా. డైరెక్టర్ జాబితా తెప్పించి తాత పేరు కొట్టేశాడు.

ఆ కింద గుమాస్తా పేరు రాసి, పక్కన "పని" అన్నచోట, పైన తాతకి రాసిన మాటే మళ్లీ రాశాడు.