చెస్టర్ గుర్స్కీ మంచు మిషను

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్ళో పుట్టి, పెరిగి, అక్కడే జుట్టు నెరిసిన చెస్టర్ గుర్స్కీకి, బఫెలోలో ప్రాణంగా చూసుకునేది ఏదీ లేదని పన్నుల ఆఫీసువారు విచారించి, ముద్ర కొట్టి మరీ తేల్చారు. ఆయనకి మనందరి తరఫునా అభినందనలు. ఇలాంటి గౌరవం ఊరికే రాదండీ.

సంగతేంటంటే, చెస్టర్ జీవితమంతా బఫెలో ఇళ్ళకి హీటర్లు బిగించి, చివరికి కంపెనీని మంచి ధరకి అమ్మాలనుకున్నాడు. న్యూయార్క్ రాష్ట్రం మనిషైతే ఆ సొమ్ము మీద రాష్ట్రానికి పన్ను కట్టాలి. ఫ్లోరిడా మనిషైతే రాష్ట్రానికి ఒక్క సెంటు కట్టక్కర్లేదు. దాంతో చెస్టర్‌కి ఎండ మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో ఫ్లాటు కొన్నాడు. లైసెన్సు మార్చాడు, ఓటు మార్చాడు. కంపెనీ అమ్మేసి, కొన్నవాళ్ళకి అక్కణ్ణుంచే ఫోన్లో సలహాలిచ్చే కొలువు కుదుర్చుకున్నాడు. అంటే కొబ్బరిచెట్టు కింద చెప్పులేసుకు కూచుని, బఫెలోలో హీటర్ ఎలా బిగించాలో చెప్తాడన్నమాట. భార్య ఐరీన్ని కూడా మార్చబోయాడు గానీ ఆవిడ మారలేదు.

"నేను రాను. శుక్రవారం చర్చి విందుకి చేపలెవరు వేయిస్తారు? మా అమ్మనెవరు చూస్తారు? నువ్వెళ్ళు, ఎండలో బాగా ఆరు."

"ఇదంతా నీకోసమేగా ఐరీన్!"

"నాకోసమైతే ఇక్కడుండి పన్ను కట్టు."

సరే, ఏడాదిలో ముప్పాతిక భాగం ఫ్లోరిడాలోనే ఉన్నాడు. అది చాలదట! మనిషి ఎక్కడ పడుకున్నాడన్నదే కాదు, మనసు ఎక్కడుందో కూడా రాష్ట్రం చూస్తుంది. ప్రాణప్రదమైన వస్తువు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే లెక్క. ప్రేమని ఇంత శ్రద్ధగా పట్టించుకునే శాఖ ప్రభుత్వంలో ఇంకోటి లేదు.

పన్నుల ఆఫీసునించి ఓడెల్ అనే ఆఫీసరమ్మ బఫెలో ఇంటికి తనిఖీకి వచ్చింది. పెళ్ళి ఫోటో చూసి ముందుకెళ్ళిపోయింది. ఐరీన్ని చూసి, నమస్కారం పెట్టి, ముందుకెళ్ళిపోయింది. కార్ల షెడ్డులో మాత్రం ఆగిపోయింది. అక్కడ వాకిట్లో మంచు ఎత్తిపోసే మిషను ఉంది. కడిగి, నూనె మార్చి, పైన ఉన్ని దుప్పటి కప్పి ఉంది.

"ఊరొదిలేసినవాడు దీనికి దుప్పటి కప్పడమ్మా. ఆయన మనసిక్కడే ఉంది."

"దుప్పటి నాదండీ. నా మంచం మీంచి తీసి దానికి కప్పాడు," అంది ఐరీన్. ఆఫీసరమ్మ అది కూడా రాసుకుంది.

సంగతి తెలిసిన చెస్టర్ లాయరు టల్లీ గారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ మిషను తక్షణం ఫ్లోరిడాకి రావాలి," అన్నారాయన. "ఇక మీ ఆవిడ విషయం. ఆవిడ అక్కడుండటం మన కేసుకి మచ్చే. కానీ మీరు ఆవిణ్ణి పెద్దగా ఖాతరు చెయ్యరని రుజువైతే సర్దుకుంటుంది. దెబ్బలాటలేమైనా ఉన్నాయా?"

"చిన్నచిన్నవి ఉన్నాయండీ."

"పెంచండి."

మిషను లారీ ఎక్కి ఫోర్ట్ మయర్స్ బాల్కనీకి చేరింది. అపార్టుమెంటు సంఘంవాళ్ళు గోల చెయ్యబోయారు. పన్ను కోసమని తెలియగానే గౌరవంగా తప్పుకున్నారు. చెస్టర్ ప్రతి ఆదివారం దాన్ని కాసేపు ఆడించేవాడు, మనసు అక్కడే ఉందని నలుగురికీ వినబడేలా.

చలికాలం వచ్చింది. బఫెలో పక్కనున్న సరస్సు మీంచి ఊరి మీద మంచు విరుచుకుపడింది. ఐరీన్ ఫోన్ చేసింది.

"చెస్టర్, మంచుకి తలుపు తెరుచుకోవట్లేదు. అమ్మ మందులైపోయాయి."

చెస్టర్ పెట్టె సర్దేశాడు. ఎందుకైనా మంచిదని టల్లీ గారిని అడిగాడు.

"వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి! మంచు పడగానే ఇంటికి పరుగెత్తాడని రాసుకుంటారు. ఇల్లు అనే మాట వాడతారు, ఆలోచించుకోండి."

చెస్టర్ ఆలోచించుకున్నాడు. పెట్టె విప్పేశాడు. మళ్ళీ ఐరీన్‌కి ఫోన్ చేశాడు. రానని ఎలా చెప్పాలో తోచక మిషను ఆడించి, ఫోన్ దాని దగ్గర పెట్టాడు.

"అది మన మిషనేనా?" అంది ఐరీన్.

"అదే."

"బాగానే మోగుతోంది," అని పెట్టేసింది.

చివరికి రాష్ట్రం పంపిన మంచు తోసే బండి ఆ వీధికొచ్చింది. డ్రైవరు పార పట్టుకుని దిగి దారి తీశాడు. మందులు కూడా తెచ్చిచ్చాడు. బండి, పార, డ్రైవరు జీతం, అన్నీ ఎవరో కట్టిన పన్నే. ఆ ఎవరో మాత్రం చెస్టర్ కాదు.

విచారణలో టల్లీ గారు లేచి, "అయ్యా, కట్టుకున్న భార్య మంచులో కూరుకుపోయింది. ఈయన కదల్లేదు! ఇంతకంటే రుజువేం కావాలి?" అని గర్జించారు. బఫెలోలో ఆయనకి ప్రాణప్రదమైనదేదీ లేదని అధికారులు రాసి ముద్ర కొట్టారు. చెస్టర్ గెలిచాడు.

తీర్పు కాపీ ఒకటి ఐరీన్‌కి కూడా వెళ్ళింది. అది ఫ్రిజ్ తలుపుకి అంటించుకుందట. చెస్టర్ ఫోన్ చేసి, "అదంతా లాయర్ల రాతేలే," అన్నాడు.

"చదివాను చెస్టర్. అందులో తప్పేం లేదు," అందావిడ.

ఫోర్ట్ మయర్స్‌లో విందు ఘనంగా జరిగింది. ఈ సంగతి ఎక్కడ చెప్పినా జనం శ్రద్ధగానే వింటున్నారు. ఐరీన్ ఎలా ఉందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది టల్లీ గారి నంబరే. మీరూ కింద కామెంట్లో అదే అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి, ఆయన లైను ఖాళీ ఉండట్లేదు.