మావయ్యగారు అతికించిన తెరచాప

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదిన్నరకు భార్య పాఠాలు చెప్పడానికి స్కూలుకు వెళ్తుంది. తొమ్మిదికి మావయ్యగారు టిఫిన్ కానిచ్చి, పేపరు మొహం మీద కప్పుకుని ఓ కునుకు తీస్తారు. పదకొండింటికి మ్యూజియం మేడమ్ వస్తుంది. ఈలోగా డైనింగ్ టేబులు ఖాళీ చేసి, తెల్లదుప్పటి పరిచి, పంతొమ్మిదేళ్ళ తన కష్టాన్ని దాని మీద పేర్చుకోవాలి.

కష్టం అంటే పదమూడు రాతి ముక్కలు. ఊరి చివర ఎర్రమట్టి క్వారీలో ఆదివారాలన్నీ మోకాళ్ళ మీద పాకి ఏరుకొచ్చినవి. డైనోసార్లు ఇంకా పుట్టని కాలంలో, వీపు మీద తెరచాప నిలబెట్టుకుని తిరిగిన సరీసృపం ఒకటుండేది. ఆ తెరచాపను మోసిన పొడవాటి వెన్నుముళ్ళే కోట్ల ఏళ్ళకు ఇలా రాయయ్యాయి. నీటి సరఫరా ఆఫీసులో అతన్ని అందరూ ‘రాక్షసబల్లి’ అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ అతను ఓపిగ్గా, ఇది రాక్షసబల్లి కాదనీ, అవి పుట్టకముందే ఇది పోయిందనీ చెప్తాడు. వాళ్ళు అంతా విని, మర్నాడు మళ్ళీ రాక్షసబల్లీ అనే పిలుస్తారు. అందుకే అతనికి జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలింది. మ్యూజియంలో ఓ అద్దాలపెట్టె, అందులో ఈ ముక్కలు, కింద చీటీ మీద తన పేరు. ఆ చీటీ పడ్డ రోజున ఆఫీసు మొత్తాన్నీ వెంటబెట్టుకెళ్ళి చూపించాలి.

ఫోటోలు చూసిన మేడమ్, నిజమైనవే అయితే తీసుకుంటామని ఉత్తరం రాసింది. ఉన్నవి ఉన్నట్టే ఉంచాలనీ, ఏ జిగురూ తగలనివ్వకూడదనీ కింద రెండు గీతలు గీసి మరీ చెప్పింది.

టేబులు మీద ఓ విరిగిన కూజా, పక్కనే దాని పిడి ఉన్నాయి. ఇంట్లో ఏ వస్తువు ఎందుకు ఎక్కడుందో అడిగే అలవాటు అతనికి లేదు. రెండింటినీ తీసుకెళ్ళి అటక మీద పడేసి, ముక్కల్ని పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా పేర్చి, ఒక్కోదాని కింద అంకె వేసిన చీటీ పెట్టాడు. కింద దూది ఉంటే ఇంకా బాగుంటుందనిపించి మందుల షాపుకు బయల్దేరాడు. షాపువాడు దూది ఇచ్చి ఊరుకోకుండా దెబ్బ ఎవరికని అడిగాడు. ఎముకలకన్నాడు ఇతను. డైనోసార్ ఎముకలా అన్నాడు షాపువాడు. అక్కడ అరగంట పోయింది.

ఆ అరగంటలో మావయ్యగారు నిద్ర లేచారు. ఆయన నలభై ఏళ్ళు పళ్ళ సెట్లు చేసిన మనిషి. పని మానేసినా చేతులు ఊరుకోవు. పొద్దున్నే కూతురు ఆయనతో, టేబులు మీద విరిగిన వస్తువు పెట్టాననీ, అల్లుడికి చెప్తే ఏడాది పడుతుంది గనుక ఆయన్నే అతికించమనీ చెప్పి వెళ్ళింది. ఆయన టేబులు దగ్గరికొచ్చి చూశారు. పాపం, పదమూడు ముక్కలయిందనుకున్నారు. పాత పనిముట్ల పెట్టె దించారు.

గుమాస్తా దూదితో తిరిగొచ్చేసరికి టేబులు మీద పదమూడు ముక్కలు లేవు. నాలుగు పొడవాటి కడ్డీలున్నాయి. అతుకు పడ్డ ప్రతిచోటా చిగుళ్ళ రంగు గులాబీ పట్టీ మెరుస్తోంది. చీటీలు ఓ పక్కన దొంతరగా పెట్టి ఉన్నాయి.

“మావయ్యగారూ, ఏంటండీ ఇది?”

“అమ్మాయి అతికించమంది, అతికించాను. వస్తువేంటో తెలీలేదు గానీ, అతుకు మాత్రం గట్టిగా పడింది.”

అతను లాగి చూశాడు, తిప్పి చూశాడు. మావయ్యగారు నొచ్చుకున్నారు. “నలభై ఏళ్ళలో నేను పెట్టిన పన్ను ఒక్కటీ ఊడలేదు బాబూ. మనుషులు పోయారు గానీ, పళ్ళు ఊడలేదు.”

భార్యకు ఫోన్ చేస్తే క్లాసులోంచి బయటికొచ్చి అంతా విని, మరి కూజా ఏదని అడిగింది. అటక మీదుందని చెప్పాడు. “అయితే మిమ్మల్ని మీరే తిట్టుకోండి,” అని పెట్టేసింది.

వేడికి అతుకు మెత్తబడుతుందేమోనని కడ్డీల్ని బాత్రూంలో వేడినీళ్ళ బకెట్లో ముంచాడు. నీళ్ళు చల్లారాయి గానీ అతుకు చెక్కుచెదరలేదు. అంతలో కాలింగ్ బెల్ మోగింది. మేడమ్ అరగంట ముందే వచ్చేసింది.

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి ముక్కలు ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయన్నాడు. ఒక అబద్ధం కాపలాకి ఇంకో నాలుగు కావాలని ఆ క్షణంలో తోచలేదు. మేడమ్ జీపు బయటే ఉంది, ఆఫీసుకే పోదామంది. ఆఫీసుకా! రాక్షసబల్లి అని పిలిచే నలభైమంది మధ్యకి, ఖాళీ బీరువా తెరవడానికి! అతను చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. కాళ్ళకున్న చెప్పుల్నే ఇల్లంతా వెతికాడు.

ఇంతలో మావయ్యగారు బకెట్ మోసుకుంటూ హాల్లోకి వచ్చారు. “బాబూ, ఇవి బాత్రూంలో మరిచిపోయారు. నేను స్నానం చెయ్యాలి.”

మేడమ్ ఓ కడ్డీని బయటికి తీసింది. నీళ్ళు కారుతున్న గులాబీ అతుకుల్ని చూసి, ఇది ఎవరి పని అని అడిగింది. గుమాస్తా రెండు చేతులూ ఊపేశాడు.

“ఆయనదేనండీ. దీంతో నాకే సంబంధమూ లేదు. కావాలంటే రాసిస్తాను.”

అడక్కుండానే కాగితం తీసి, కూర్చింది తను కాదనీ, ఇదంతా పూర్తిగా మావయ్యగారి పనేననీ రాసి సంతకం కూడా పెట్టాడు. పెడుతుంటే సిగ్గేసింది. అయినా పెట్టాడు.

మేడమ్ భూతద్దం తీసి చాలాసేపు చూసింది. “ఇవి పదమూడు ముళ్ళు కావండీ. నాలుగే. విరిగిన అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. మీరు ఫోటోల్లో పొడవును బట్టి పేర్చారే, అది తప్పు.” ఈ జిగురు తాము వాడేదానికి దగ్గర చుట్టమేననీ, కావాలంటే మందుతో కరిగించుకోవచ్చనీ, తమదానికి రంగుండదు, అంతే తేడా అనీ చెప్పింది.

మావయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికొచ్చారు. “ఇక్కడ ఉబ్బు చూశారామ్మా? ఇది బతికుండగానే విరిగి, మళ్ళీ అతుక్కున్న ఎముక. దవడ విరిగినవాళ్ళకి అచ్చం ఇలాగే ఉండేది.”

మేడమ్ ఆయనకు కుర్చీ వేసింది. పంతొమ్మిదేళ్ళు దాన్ని రోజూ తుడిచిన గుమాస్తాకు ఆ ఉబ్బు ఎన్నడూ కనబడలేదు. కడుపు మండింది, గర్వంగానూ అనిపించింది, రెంటిలో ఏది ఎక్కువో తేలలేదు. ఈ పని తామిద్దరం కలిసే చేశామని మెల్లగా మొదలుపెట్టాడు. మేడమ్ అతను సంతకం పెట్టిన కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుంటోంది. వివరాల ఫారం ఆవిడ మావయ్యగారికే ఇచ్చింది. ఆయన స్నానం మానుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి గడీ తీరిగ్గా నింపారు.

మూడు నెలలకు అద్దాలపెట్టె వెలిసింది. గుమాస్తా అనుకున్నట్టే ఆఫీసంతా కదిలొచ్చింది. చీటీ మీద కూర్చినవారుగా మావయ్యగారి పేరు పెద్దక్షరాల్లో, ఇంటిపేరుతో సహా ఉంది. దాని కింద చిన్నక్షరాల్లో, ముక్కలు ఏరినవారు: మా అల్లుడు.

ఇప్పుడు ఆఫీసులో అతన్ని రాక్షసబల్లి అని ఒక్కరూ పిలవడం లేదు, అందరూ అల్లుడుగారనే అంటున్నారు.