మా పెరటికి ఫస్ట్ ర్యాంకు

నేలను నేలలా వదిలేయడం బద్ధకస్తుల లక్షణం! దాన్ని చదును చేయాలి, తొక్కాలి, తడపాలి, మేపాలి. నేను నాలుగూ చేశాను. చేసి తరించాను. మీరూ తరించండి!

ఇంటి వెనక మా ఆవిడ బీర, బెండ, వంగ పెంచుకునేది. ఎండుటాకులు, వానపాములు, మట్టి కాళ్లు... ఇదేనా సభ్యత? అన్నీ పీకించేశాను. రోలర్ అద్దెకు తెచ్చి నేలను క్యారమ్ బోర్డులా అణగదొక్కించాను. లాన్ వేశాను. రోజుకు రెండుసార్లు పైపుతో నీళ్లు, వారానికోసారి దోసిళ్లకొద్దీ యూరియా. నీళ్లు ఇంకక మడుగు కడితే ‘లేక్ వ్యూ’ అని మురిసిపోయాను. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. వేసిందే నేను, ఇంకెవర్ని అనను?

పాదులు పోయిన మా ఆవిడ ఊరుకుందా? వీధి చివర ఉమ్మడి ఖాళీ స్థలంలో మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి కూరల మడి వేసింది. నేను మాత్రం ఊరుకుంటానా? అక్కడా లాన్ వేయాలని వీధి సంఘానికి అర్జీ పెట్టాను. ఆదివారం ఓటింగు. నెగ్గితే ఆ మడీ రోలర్ కిందకే!

ఆ వారమే మేనకోడలు దిగింది. మట్టి మీద పరిశోధన చేసే పిల్ల. మా వీధిలోని పన్నెండు పెరళ్లలోనూ, ఆ కూరల మడిలోనూ బకెట్లు బోర్లించి, లోపలి గాలిని సిరంజితో లాగి, సీసాల్లోకి ఎక్కించుకుపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా పెరటి గడ్డి సైన్సుకే పనికొచ్చింది!

శనివారం ఆ పిల్ల దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఇంటి నంబరు, ఎదురుగా అంకె. అందరికన్నా పెద్ద అంకె నాది! అట్టడుగున కూరల మడి. ఇక ఆగుతానా? పైనున్న ఇంగ్లిషు హెడ్డింగు మీద ‘ఫస్ట్ ర్యాంకు’ అని కాగితం అంటించి, జిరాక్సులు తీయించి, ఇంటింటికీ పంచాను.

ఆదివారం మీటింగులో సంఘం ప్రెసిడెంటు నాకు చప్పట్లు కొట్టించాడు. “ఇంకేం? సారు పద్ధతిలోనే మన స్థలంలో కూడా...” అంటుండగా మేనకోడలు లేచింది.

“మావయ్యా, అవి మార్కులని నీకెవరు చెప్పారు?”

“మరేంటమ్మా?”

“నేల ఎంత గ్యాస్ వదులుతోందో ఆ లెక్క! అణగదొక్కితే మట్టిలోకి గాలాడదు. దానికి తోడు నిలవ నీళ్లు, యూరియా. ఇక లోపలి సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్ తయారుచేసి వదుల్తాయి. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి తాత, వందల రెట్లు ఘాటు. అత్తయ్య మడిలో మట్టి గుల్లగా ఉంది, యూరియా లేదు. అందుకే అంత చిన్న అంకె.”

హాలంతా నా వంకే చూసింది. మాట మార్చబోయి, “నైట్రస్... ఎక్కడో విన్నట్టుందే!” అన్నాను. నోరు మూసుకోవాల్సింది.

“పళ్ల డాక్టర్లు పీల్పిస్తారుగా, లాఫింగ్ గ్యాస్. అదే!”

వెనక వరసలోంచి మా ఆవిడ గొంతు: “ఇరవై ఏళ్లుగా ఈయన హాస్యం కాలమ్ రాస్తున్నారు. పోన్లెండి, మా ఇంట్లో నవ్వు పుట్టించేది ఒకటైనా ఉందన్నమాట!”

అందరూ పగలబడి నవ్వుతూనే ఓటుకు చేతులెత్తారు. అన్నీ కూరల మడికే. నాది కూడా.

అయ్యా, అమ్మా, పచ్చగా కనిపిస్తే చాలు, చప్పట్లు కొట్టేస్తారా? ఆ అంకెలేమిటని ఒక్కరైనా అడగరా? నేల మన సేవలేమీ కోరడం లేదట. కాస్త గాలాడనిస్తే చాలట.

తనకూ అంతే చాలునంది మా ఆవిడ, ఇంటికొచ్చాక.