ముసలి తుంటి ముందంజ

తుంటి కీలుకు కీహోల్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో వయసు పెరిగేకొద్దీ సుఖం పెరుగుతోందని, ఈ సంగతి ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదని, ఆ ఘనత మా ప్రావిన్స్‌కే దక్కిందని ఆరోగ్యశాఖ మంత్రి గౌరవనీయులు రాస్ హాల్వర్సన్ గారు మంగళవారం ప్రకటించారు. పదేళ్ల పాటు పేషెంట్లను వదలకుండా వెంటపడి తేల్చిన నిజమట ఇది. నలభై లోపువాళ్లకి గుణం ఓ మాదిరి. యాభై దాటినవాళ్లకి బ్రహ్మాండం. డెబ్బై దాటినవాళ్ల సంగతి చెప్పేటప్పటికి మంత్రిగారు జేబురుమాలు తీశారు.

మిగతా ప్రపంచంలోని డాక్టర్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు. కుర్ర కీలైతే ఆ చిన్న కంతల ఆపరేషన్ ఏళ్ల తరబడి నిలుస్తుందని, అప్పటికే అరిగిన కీలైతే కొన్నాళ్లకి మొత్తం మార్చాల్సి వస్తుందని వాళ్ల వాదం. వాళ్లెవరూ ఈ ప్రెయిరీ గడ్డిమైదానాల్లో పుట్టినవాళ్లు కారు. లోపం అక్కడుంది.

ఈ ప్రకటన టీవీలో వస్తున్న సమయానికి ప్లోవర్ క్రీక్ ఊళ్లో ఎమిల్ హ్రిషుక్ మంచం అంచున కూర్చుని ఎడమకాలికి మేజోడు తొడుక్కోవాలని చూస్తున్నాడు. మంచు మీద బరువైన రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆటకున్న ఊరి రింక్‌లో మంచు తయారుచేయడం అతని పని. వీపున నీళ్ల డబ్బా తగిలించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, మంచు మీద సన్నగా చినుకులు చల్లాలి. ఆ చినుకులు గడ్డకట్టి గరుకు తేలితేనే ఆటగాళ్లు వదిలిన రాయి జారుతుంది. జిల్లాలో అతని మంచుకి సాటి లేదు. వయసు అరవై ఒకటి. యాభై ఒకటో ఏట ఆ కీహోల్ ఆపరేషనే చేయించుకున్నాడు. మూడేళ్లు బాగానే ఉంది. తర్వాత కీలు అరిగి, ఇప్పుడు ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. కీలు మార్పిడి కోసం వరసలో నిలబడ్డాడు. నిలబడ్డాడనడం మాటవరసకే, అసలు నిలబడడమే అతనికి చేతకావడం లేదు.

భార్య డార్లీన్ టీవీ వంక చూసి, "నీ గురించే చెబుతున్నాడు," అంది. "యాభై దాటినవాళ్లు బ్రహ్మాండమట. ఆ మేజోడు ఇలా తే, బ్రహ్మాండం."

"నేనలా చెప్పలేదే."

"ఏటేటా ఆ నర్సమ్మ ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పావు?"

ఎమిల్ మేజోడు అందించాడు. "పర్వాలేదన్నాను."

మా వైపు పరువుగల మనిషి ఎవరైనా అదే అంటాడు. వడగళ్ల వాన పంటంతా ఊడ్చుకుపోతే పర్వాలేదంటాడు. ఇల్లు కాలిపోతే, పర్వాలేదు, కారు షెడ్డు మిగిలిందంటాడు. నొప్పని చెప్పుకోవడం అడిగినవాళ్ల నెత్తిన బరువు పెట్టడమే. నిరుడు నర్సు ఫోన్ చేసినప్పుడు ఎమిల్ వంటింట్లో నేల మీద వెల్లకిలా పడి, లేవలేక కప్పు చూస్తున్నాడు. డార్లీన్ ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెడితే, "పర్వాలేదమ్మా, నాకేం. మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు అక్కణ్ణుంచే. నర్సు సంతోషించి "బ్రహ్మాండం" అని రాసుకుంది.

కుర్రవాళ్లకి ఈ మర్యాద అబ్బలేదు. పక్కింటి కోల్టన్‌కి ఇరవై తొమ్మిదేళ్లు, ఐస్ హాకీ గోల్‌కీపర్. అదే ఆపరేషన్ చేయించుకుని ఇప్పటికీ గోల్ ముందు రెండు కాళ్లూ చెరోవైపు పరిచి చాపలా కూలబడతాడు, మళ్లీ లేస్తాడు. నర్సు అడిగితే మాత్రం, వరసగా రెండు మ్యాచ్‌లు ఆడితే కొంచెం పట్టేసినట్టుంటోందని అరగంట చెప్పాడు. నర్సు అతన్ని "ఓ మాదిరి" కింద రాసుకుంది.

మంత్రిగారు కనిపెట్టి ఊరుకునే మనిషి కారు. ఆ వారంలోనే డెబ్బై దాటినవాళ్లందరికీ కీహోల్ ఆపరేషన్ అన్నారు. తొంభై దాటితే రెండు తుంట్లకీ. ఇంత బాగున్న తుంట్లను కోసి మార్చడం అన్యాయం కాబట్టి కీలు మార్పిడి వార్డు మూసేసి, అందులో ప్రచార విభాగాన్ని పెట్టారు. వార్డు మూసినా వరసను మాత్రం ఉంచారు. ప్రజల్ని నిరాశపరచడం ఆయనకు గిట్టదు.

గురువారం ఆ ప్రచార విభాగం డైరెక్టర్ మాలరీ గారు ఎమిల్ ఇంటికి వచ్చారు. చేతిలో డోనట్ల డబ్బా ఉంది.

"ఎమిల్ గారూ, మొత్తం ప్రావిన్స్‌లో మీదే ఆదర్శ తుంటి. శనివారం మీ రింక్‌లో పోటీలు మంత్రిగారు ప్రారంభిస్తున్నారు. మొదటి రాయి మీరే వదలాలి."

"వదులుతానండీ. కర్రతో."

"కర్రేంటి?"

"వంగలేనివాళ్లు నిలబడే రాయిని నెట్టడానికి ఓ కర్రుంటుందండీ."

మాలరీ గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "కర్ర వద్దులెండి. కెమెరాలుంటాయి. మోకాలు వంచి, నేలకి ఆనిపోయి, అందంగా జారండి. వంగడానికి ఇబ్బందేమన్నా ఉందా?"

"పర్వాలేదండీ," అన్నాడు ఎమిల్.

ఆవిడ వెళ్లాక డార్లీన్ డోనట్ల డబ్బా మూత ధడేలున మూసింది. "ఇదిగో, విను. శనివారం మైకు నీ నోటి దగ్గర పెడతారు. నొప్పిగా ఉందని ఒక్క ముక్క చెప్పు. చాలు. ఆ వార్డు తెరుచుకోకపోతే వచ్చే చలికాలం నీ నీళ్ల డబ్బా ఎవరు మోస్తారు?"

ఆ మంచు మీద ఇంకెవరో నడుస్తూ చినుకులు చల్లడం తలుచుకుంటే ఎమిల్‌కి తుంటి కన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

శనివారం రింక్ కిటకిటలాడింది. ఆపరేషన్ చేయించుకున్న పెద్దలందర్నీ ముందు వరసల్లో కూర్చోబెట్టారు. చేతికర్రలూ నడిపించే చట్రాలూ ఫోటోలో పడకుండా బెంచీల కిందికి తోశారు. మంత్రిగారు తానూ ఆ ఆపరేషన్ లబ్ధిదారుడేనని, తనకిప్పుడు అరవై ఆరని, తన తుంటి తనకన్నా వయసులో చిన్నదని సెలవిచ్చారు. తర్వాత ఫోటో కోసం ఎమిల్ పక్కనే తానూ మోకాలు వంచి కూర్చున్నారు.

ఎమిల్ రాయి వదిలాడు. అది తిన్నగా వెళ్లి అవతల గీసిన వలయాల నడిమి చుక్క మీద ఆగింది. జనం చప్పట్లు కొట్టారు, కెమెరాలు మెరిశాయి. అంతా అయింది, లేవాలి.

ఎమిల్ లేవలేదు. మంత్రిగారూ లేవలేదు.

"ఎలా ఉంది?" అన్నారు మంత్రిగారు పళ్లు బిగించి, నవ్వు మాత్రం సడలనీయకుండా.

"పర్వాలేదండీ. తమకి?"

"పర్వాలేదు."

ఇద్దరూ అలాగే ఉన్నారు. మాలరీ గారు గ్రహించి జాతీయగీతం పెట్టించారు. అందరూ లేచి నిలబడ్డారు, ఆ ఇద్దరు తప్ప. మంచు మీద మోకరిల్లి దేశాన్ని గౌరవించిన తీరు కొందరిని ఏడిపించింది. గీతం మూడోసారి మొదలయ్యేసరికి కోల్టన్ మంచు మీదికి వచ్చి, ఇద్దర్నీ చెరో చంకా పట్టుకుని లేపి, "అబ్బ, నా తుంటి," అన్నాడు.

అప్పుడు మంత్రిగారు మైకు ఎమిల్ నోటి దగ్గర పెట్టారు. "చెప్పండి ఎమిల్ గారూ. మీ తుంటి ఎలా ఉంది?"

ఎమిల్ ముందు డార్లీన్ వంక చూశాడు. తర్వాత తను తెల్లవారకుండా వచ్చి చినుకులు చల్లిన మంచు వంక చూశాడు.

"నొప్పిగా ఉందండీ," అన్నాడు. "ఏడేళ్లుగా నొప్పే. క్షమించండి."

అరవై ఏళ్లలో ప్లోవర్ క్రీక్‌లో బహిరంగంగా ఇంత మాట ఎవరూ అనలేదు. మంత్రిగారు ముందు వరసల వైపు తిరిగి, "పెద్దలు మీలో ఇంకెవరికైనా ఇబ్బందుంటే నిర్భయంగా చెప్పండి," అన్నారు.

"పర్వాలేదు," అన్నారు ముందు వరసలవాళ్లు, బెంచీల కింద కర్రల కోసం కాళ్లతో తడుముకుంటూ. చక్రాల కుర్చీలో ఉన్న హిల్డా మామ్మ, "నాకు మొదట్నించీ కూర్చోవడమే ఇష్టం," అంది.

మరుసటి వారం మంత్రిగారు ఎండకీ తుంటికీ గల సంబంధం అధ్యయనం చేయడానికి సరిహద్దు దాటి అరిజోనా వెళ్లారు. అధ్యయనం లోతుగా సాగడంతో ఆరు వారాలు అక్కడి కీళ్ల ఆస్పత్రిలోనే ఉండిపోయారు. తిరిగొచ్చిన రోజు టీవీలో ఆయన విమానం మెట్లు రెండేసి చొప్పున దిగుతుంటే ఎమిల్, డార్లీన్ సోఫాలో కూర్చుని చూశారు. "చూశారా, వయసు పెరిగేకొద్దీ సుఖం," అంటున్నారు మంత్రిగారు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఎమిల్ గారూ, ఆస్పత్రి నుంచి," అంది నర్సు. "మీరు నొప్పి అన్నారు కదండీ ఆ రోజు. దాని మీద నిర్ణయమైంది."

డార్లీన్ టీవీ నోరు నొక్కేసి దగ్గరికి జరిగింది.

"నొప్పని చెప్పేది నలభై లోపువాళ్లేనని మంత్రిగారి పరిశోధనలో తేలిందండీ. అందుకని మీ వయసు ఇరవై తొమ్మిదికి సవరించాం."

"నాకు అరవై ఒకటమ్మా."

"మీకలా అనిపించడం సహజమండీ. కానీ ఇరవై తొమ్మిదేళ్లవాళ్లకి కీలు మార్చరు. చిన్న వయసు, తొందరపడకూడదు. ఓ ముప్పై ఏళ్లాగి రండి."

ఎమిల్‌కి కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఆ పిల్ల మీద చూపించడం ఎలాగో మాత్రం తెలియలేదు.

"సరే గానీ, ఈ ఏడాది ప్రశ్న కూడా అడిగేస్తానండీ," అంది నర్సు. "తుంటి ఎలా ఉంది?"

డార్లీన్ అతని మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నిశ్శబ్దంగా ఉన్న టీవీలో మంత్రిగారు ఆఖరి మెట్టు మీంచి నేల మీదికి గెంతారు.

"పర్వాలేదమ్మా," అన్నాడు ఎమిల్.

"హమ్మయ్య. అయితే మీకు మళ్లీ అరవై ఒకటండీ. నొప్పి లేదు కనక మార్పిడి వరసలోంచి పేరు తీసేస్తున్నాను. అభినందనలు."

"థాంక్స్ అమ్మా," అన్నాడు ఎమిల్. డార్లీన్ అతని మోచెయ్యి వదిలేసింది. పెట్టేసే ముందు అడగకపోతే బాగుండదని, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"మొన్ననే ఆవిడకీ ఆ పథకం కింద కీహోల్ చేయించామండీ," అంది నర్సు. "మంచం దిగట్లేదు. అడిగితే మాత్రం, పర్వాలేదంటోంది."