పులుల కాలేజీలో ఒక్క కుందేలు

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద బోర్డు ఒకటి ఉండేది. ఆ బోర్డు వెనకాల ఒక చిన్న కాలేజీ ఉండేది. బోర్డు మీద ఇలా రాసి ఉండేది: ‘నూటికి నూరు శాతం పులి ప్రొఫెసర్లు. నూటికి నూరు శాతం హాజరు. నూటికి నూరు శాతం ఉద్యోగాలు.’

ఆ బోర్డు నమ్మి చేరిన కుందేలు ఒకటుంది. అది నేనే. నా పేరు తుర్రు.

లెక్కల్లో నేను చురుకని మా బొరియల్లో పేరు. ఎవరైనా ఒక సంఖ్య చెబితే, వాళ్ళు నోరు మూసేలోగా దాన్ని దేనితోనో ఒకదానితో భాగించేస్తాను. బోర్డు చూడగానే మూడు నూర్లనీ కూడి, మూడుతో భాగించి, సగటు కూడా నూరేనని తేల్చేశాను. ఆ నూరు ఎంతమందిలో అని మాత్రం అడగలేదు. అంత చిన్న ప్రశ్న నా స్థాయికి తగదనుకున్నాను.

చేరాక ఏడాదంతా నాకు పాఠం చెప్పింది ఒక పలక. తలుపుకి వేలాడుతూ ‘ఈ రోజు క్లాసు లేదు’ అని చెప్పేది. ఒక్కరోజు కూడా మానకుండా వచ్చిన మాస్టారు అదొక్కటే.

తోటి విద్యార్థులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఉడుతలు చెట్లెక్కాయి. కోతులు కొమ్మలు మారాయి. తాబేలు కూడా నాకంటే ముందే వెళ్ళిపోయింది. అందరూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడే వదిలేసి పోయారు. నేను అంత తెలివితక్కువవాణ్ణి కాదు కాబట్టి ఉండిపోయాను.

ఒరిజినల్ అంటే ‘పుట్టుకతో కుందేలే’ అని మా పెద్దలు కాలిముద్ర వేసి ఇచ్చిన ఆకు. చేరేటప్పుడు తీసుకుని కరస్పాండెంట్ గారు బీరువాలో పెట్టేశారు. ఏటి అవతల మంచి కాలేజీ ఉంది. నన్ను చేర్చుకుంటామన్నారు కూడా. కానీ ఒరిజినల్ కావాలన్నారు. "చెవులు చూస్తున్నారుగా!" అన్నాను. "చెవులు జిరాక్స్ కింద లెక్క బాబూ, ఒరిజినల్ తీసుకురా" అన్నారు.

మా కరస్పాండెంట్ జంబుకేశ్వరరావు గారు నక్క. ఎప్పుడడిగినా "సెలవుల తర్వాత రా బాబూ" అనేవారు. సెలవుల తర్వాత వెళ్తే "అయ్యో, సెలవుల్లో రావాల్సింది, తీరిగ్గా ఉండేవాణ్ణి" అనేవారు. అందుకని ఈసారి చొరవ తీసుకుని ఎండాకాలం సెలవుల్లో మిట్టమధ్యాహ్నం వెళ్ళాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉడుమక్క కూర్చుని ఉంది.

"ఒరే తుర్రూ, లోపల పురుగు కూడా లేదు. ఎందుకొచ్చావురా?"

"ఒరిజినల్ కోసం అక్కా."

"నాదీ అక్కడే ఉంది. నేనూ అడుగుతున్నా."

"నువ్విక్కడ చదివావా?"

"మా బ్యాచికి నేనొక్కదాన్నే. పాసయ్యాను. ఉద్యోగం ఇచ్చారు. నూటికి నూరు."

"ఏం ఉద్యోగం అక్కా?"

"కళ్ళు కనపడట్లేదా? గేటు."

లోపల నిజంగానే ఎవరూ లేరు. వరండాలో ఎండుటాకులు తప్ప ఏమీ కదలడం లేదు. ఆఫీసుకి తాళం. తాళం కప్ప ముందు కూర్చుని, దాన్ని ఎంత బలంతో లాగితే ఊడుతుందో లెక్కవేస్తున్నాను. అప్పుడు వరండా చివర మూడు పులులు కనిపించాయి.

మొదట నాకు కలిగింది భయం కాదు, గర్వం. బోర్డు అబద్ధం చెప్పలేదు! వాటి మొహాల్లో ఏ భావమూ కదలడం లేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు అలాగే ఉంటారని విన్నాను. మెడ దగ్గర ఏదో దారం వేలాడుతోంది. డిగ్రీ తాలూకు దారం అనుకున్నాను.

"నమస్కారం సార్" అన్నాను.

మూడు మొహాలూ నా వైపు తిరిగాయి.

"ఒరేయ్, స్టూడెంటురా!" అంది ఒక పులి.

"నిజం స్టూడెంటేనా?"

"చెవులు చూడు! పట్టండి, పట్టండి!"

అప్పుడు భయం కలిగింది. పరుగెత్తాను.

పరుగెత్తుతూనే లెక్కవేశాను. ఒక కుందేలు, మూడు పులులు. మూడో వంతు మాంసం కోసం ఏ పులీ ఇంత ఎండలో పరుగెత్తదు, ఖర్చుకి ఆదాయం సరిపోదు. ఈ సంగతి వాటికి వివరిద్దామని ఒక్క క్షణం ఆగాను కూడా. లెక్కలు వాళ్ళ సబ్జెక్టు కానట్టుంది, ఇంకా వేగం పెంచాయి.

వాటిలో ఒకటి దారిలో ఆగి గోడ మీది పోస్టరు చింపి తినేసి వచ్చింది. పులులు పోస్టర్లు తినవని నాకు తెలుసు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలిసినవన్నీ పనికిరావు. పరీక్షల్లో కూడా నాకు ఇంతే.

వెనక కంచెలో సరిగ్గా నా వీపు పట్టేంత కంత ఉంది. పెద్దది చేయించమని అర్జీ పెడితే కరస్పాండెంట్ గారు "సెలవుల తర్వాత" అన్నారు. అందులో తల దూర్చాను. ముందుకాళ్ళు కూడా బయటపడ్డాయి. అవతల అడవంతా నాదే. సరిగ్గా అప్పుడు ఒరిజినల్ గుర్తొచ్చింది.

పులి తింటే పోయేది ప్రాణమొక్కటే. ఒరిజినల్ పోతే డూప్లికేట్ కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలి? ఎన్ని కాలిముద్రలు వేయించాలి? బతికుండి కుందేల్ననిపించుకోలేని బతుకు దేనికి?

వెనక్కి వచ్చేశాను. ఇలాంటి పని చేసిన జంతువు అడవి మొత్తంలో నేనొక్కణ్ణే. నూటికి నూరు శాతం.

ఎక్కడైనా దాక్కోవాలి. ఎదురుగా లైబ్రరీ. చేరేటప్పుడు ఇచ్చిన కాలేజీ పుస్తకం అట్ట మీద చూసిన అదే మేడ, తెరిచి ఉన్న తలుపు, లోపల అలమరాల నిండా పుస్తకాలు. ఒక్క దూకు దూకాను.

ఆ లైబ్రరీ మొత్తం ఉత్త గోడ మీద వేసిన రంగుల బొమ్మేనని నా నుదురే మొదట కనిపెట్టింది.

కళ్ళు తెరిచేసరికి ఒక పులి నా మీద కూర్చుని ఉంది.

"దొరికాడు! కానీ వీడికి మూడే కాళ్ళున్నాయేంట్రా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా మీద ఒక సామెత ఉంది. ఆ రోజు అది నిజమే, నాలుగోది ఆయన పొట్ట కింద ఉంది.

"సార్," అన్నాను, "తినేముందు ఒక్క మాట. మూడో వంతు..."

"తినడమేంటి నాన్నా! నీకు దణ్ణం పెడతా, వచ్చి క్లాసులో కూర్చో!" అంటూ పులి వంగింది. మొహం జారి కింద పడింది. లోపల గడ్డం ఉన్న మేక. "నేనేరా మీ వృక్షశాస్త్రం మాస్టర్ని."

"మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదే సార్!"

"నేనూ నిన్ను చూళ్ళేదు నాన్నా. మనిద్దరికీ హాజరు మాత్రం పడుతోంది."

ఇంతలో జంబుకేశ్వరరావు గారు రొప్పుతూ వచ్చారు. అడవి విద్యామండలి నుంచి ఇన్‌స్పెక్షన్ కోసం ఇంకాసేపట్లో ఒక పులి వస్తోందట. కాలేజీలో ముగ్గురు పులి ప్రొఫెసర్లుండాలని రూలు. ఇక్కడ జీతం గడ్డి రూపంలో ఇస్తారు కాబట్టి పులులెవరూ చేరలేదు. చేరిన మేకలకి వేషాలు వేశారు. అన్నీ కుదిరాయి గానీ విద్యార్థి లేడు.

"కూర్చుంటే నా ఒరిజినల్ ఇస్తారా?" అన్నాను.

"చేతిలో పెడతా!"

"మరి తరగతులు మూడు కదా సార్, నేనొక్కణ్ణే."

ఆయన తోక వాలిపోయింది. అక్కడే నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ ఎవరైనా ఇబ్బందుల్లో ఉంటే నాకు ఐడియాలు ఆగవు.

"దానికేముంది సార్! మొదటి గదిలో చెవులు కిందికి పెడతా. ఆయన రెండో గదికి వచ్చేలోగా కిటికీలోంచి దూకి చెవులు పైకి పెడతా. మూడో గదిలో ఒకటి పైకి, ఒకటి కిందికి. మూడు తరగతుల్లోనూ హాజరు నూటికి నూరు!"

ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా బాబూ?"

"ఇక్కడే సార్."

ఇన్‌స్పెక్టర్ శార్దూలరావు గారు వచ్చారు. భారీ పులి. మాట తక్కువ. చెవులు మాత్రం పులికి ఉండాల్సిన దానికంటే పొడుగు. చెవుల విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను.

మూడు గదులూ బ్రహ్మాండంగా జరిగాయి. మేక మాస్టారు పాఠం మొదలుపెట్టి "మే..." అన్నారు. "సార్‌ది కొంచెం యాస" అన్నారు కరస్పాండెంట్. శార్దూలరావు గారు గంభీరంగా తలాడించారు.

చివర్లో జంబుకేశ్వరరావు గారు చేతులు నలుపుకుంటూ అన్నారు: "సార్, భోజనం చేసి వెళ్ళాలి. వేడివేడిగా రెడీ చేయించాను. ఇందాకటిదాకా పరుగెత్తుతూనే ఉంది."

అని నన్ను చూపించారు.

కిటికీకి గడియ పడిన చప్పుడైంది. విద్యార్థి ఒక్కడే, అవసరాలు రెండు. పొదుపుగా కాలేజీ నడపడమంటే ఇదీ. నలుగురికీ తలా పావు. ఏటి అవతల కాలేజీలో పావు కుందేలుకి సీటు ఇస్తారా?

మేక మాస్టార్లు ఒకరి ముసుగు ఒకరు చూసుకున్నారు. ఆ ముసుగుల్లోంచి చెమట కారుతోంది. మాంసం తినకపోతే వేషం బయటపడుతుంది.

శార్దూలరావు గారు నన్ను చూశారు. నేల చూశారు. కిటికీ చూశారు.

"ఇవాళ... ఏం వారం?"

"శనివారం సార్."

"హమ్మ... శనివారం నేను నీచు ముట్టను."

"మేమూ ముట్టం సార్!" మూడు గొంతులు ఒక్కసారి లేచాయి. "మా ఇంట్లో తరతరాలుగా!"

"మరేం పెట్టమంటారు సార్?" అని నీళ్ళు నమిలారు జంబుకేశ్వరరావు గారు.

"ఏదో ఒకటి. ముందున్న పచ్చిక... లేతగా ఉన్నట్టుంది."

గడ్డి కోయించి లోపలికి తెప్పించారు. నలుగురు పులులూ నాలుగు గోడల వైపు తిరిగి, ముసుగులు కాస్త పైకెత్తి, మర్యాదగా గడ్డి తిన్నారు. తిన్నాక శార్దూలరావు గారు గొంతెత్తి తృప్తిగా ఓండ్రపెట్టారు.

"త్రేన్చారు" అన్నారు కరస్పాండెంట్.

రిపోర్టు వచ్చింది. అన్నిటా నూటికి నూరు. కింద ఒక ప్రత్యేక ప్రశంస కూడా ఉంది: ‘ఇక్కడ భోజనానికి బతికున్న కుందేలునే పెడతారు. సిబ్బంది నిగ్రహం గొప్పది, ఎవరూ ముట్టరు. కుందేలు మిగిలిపోతుంది.’ అడవి నలుమూలలా ఆ రిపోర్టు అంటించారు.

నేను చెయ్యి చాచాను. "సార్, నా ఒరిజినల్."

"లెక్కలొచ్చినవాడివి, నువ్వే చెప్పు బాబూ. నువ్వుంటే హాజరెంత?"

"నూరు."

"నువ్వెళ్తే?"

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఎవరైనా లెక్క అడిగితే నా నోరు ఆగదు. "సున్నా సార్."

"మరి! మా నూరు శాతానివి నువ్వేరా. సెలవుల తర్వాత రా, చూద్దాం."

సెలవుల తర్వాత వెళ్ళాను. గేటు దగ్గర ఉడుమక్క తన మూట సర్దుకుంటోంది.

"కొత్త ప్రొఫెసర్లు ముగ్గురొచ్చార్రా తుర్రూ. రిపోర్టు చదివి వచ్చారట. మేక మాస్టార్లు చూడగానే ఉద్యోగాలు వదిలేసి గోడ దూకారు."

"జీతం గడ్డేనని చెప్పావా అక్కా?"

"వాళ్ళు జీతం అడగలేదు. భోజనం సంగతి అడిగారు."

అయినా ఒరిజినల్ లోపలే ఉంది కాబట్టి వెళ్ళాను. వరండా చివర వాళ్ళు నిలబడి ఉన్నారు. నేను మెడల దగ్గర దారం కోసం చూశాను. ఎంత వెతికినా దారం లేదు. ఒకాయన ఆవలించారు. మొహమంతా కదిలింది.

ఈసారి ఆగి లెక్క వివరించలేదు. పరుగు తీశాను. ఆఫీసు తలుపు తోసుకుని జంబుకేశ్వరరావు గారు కూడా నా పక్కనే పరుగెత్తుతూ కనిపించారు.

"సార్! నా ఒరిజినల్!"

"సెలవుల తర్వాత రా బాబూ!" అంటూ నన్ను పక్కకి నెట్టి, కంచె కంతలో ముందు ఆయన దూరారు.

అది నా వీపు కొలత కంత. ఆయన నడుము దగ్గర ఇరుక్కుపోయారు.

నేను ఆయన వీపు మీద కాళ్ళు పెట్టి కంచె దాటాను. నాలుగు కాళ్ళూ, ఈసారి సరిగ్గా లెక్కపెట్టుకున్నాను. పైకి రావడానికి ఆ కాలేజీ నాకు చేసిన సాయం అదొక్కటే.

పొదల్లో పడ్డాక వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది: "సార్లూ, సార్లూ! ఇవాళ శనివారం!"

"కాదండీ," అంది ఒక గొంతు చాలా మర్యాదగా, "బుధవారం."

నీతి: ముసుగు వేసుకున్న మాస్టార్లను చూసి పారిపోకూడదు, అసలువాళ్ళు వచ్చే రోజుకి కాళ్ళలో సత్తువ మిగుల్చుకోవాలి.