పధ్నాలుగో నంబరు నీటికుక్క

ఆ పొద్దున బిల్లుల గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. నీళ్ల బిల్లులోనూ కరెంటు బిల్లులోనూ "నది జీవుల రుసుము" అని ఒక కొత్త వరుస చేర్చి అచ్చుకు పంపాలి. నదిలో జంతువులను కాపాడే కావలివాళ్ల జీతాలు ఇకమీదట ఆ రుసుములోంచే రావాలి. ఆ కావలివాళ్లలో ఆయన భార్య కూడా ఉంది.

"ఏమండీ, జనం గొడవ చేస్తే ఆ వరుస తీసేస్తారట. అప్పుడు మా పడవ ఒడ్డున, నేను ఇంట్లో," అంది ఆవిడ బూట్లు తొడుక్కుంటూ.

"ఒక్క వరుసకి గొడవేముంటుంది? నేను చూసుకుంటాగా."

ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతూనే ఉంది.

నమూనా బిల్లును గుమాస్తా సొంత ఇంటి పేరునే తయారు చేయడం ఆ ఆఫీసులో ఆనవాయితీ. భార్య చూసి నవ్వుతుందని దాని అడుగున "మీ రుసుముతో బతుకుతున్నది: నీటికుక్క నంబరు 14" అని సరదాగా రాశాడు. కిందటి వారం ఆవిడ నదిలో లెక్కపెట్టిన వాటిలో చివరిది అదే. తర్వాత టీకి వెళ్లి, ఆ సంగతి శుభ్రంగా మరిచిపోయాడు. నమూనా అలాగే అచ్చుకెళ్లి, ఆ వాక్యం నాలుగు వేల ఇళ్లకు చేరింది.

మూడో రోజు కౌంటరు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం.

"మా నీటికుక్క ఎలా ఉంది బాబూ? సరిగ్గా తింటోందా?" అంది ముందు నిలబడ్డ ముసలావిడ.

"అది మీ ఒక్కరిదే కాదమ్మా..."

అంతే, వెనకనుంచి దర్జీ అందుకున్నాడు. "మా తోడల్లుడి బిల్లులోనూ పధ్నాలుగే ఉంది. వాడికీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. వాడితో కలిసి ఒకే నీటికుక్కని సాకమంటారా?"

"మీకు పదమూడు ఇస్తాలెండి," అన్నాడు గుమాస్తా, గండం గడిస్తే చాలని.

ఆ మాట క్యూ చివరిదాకా పాకింది. ఒకరికి ఆడదే కావాలి, ఒకరికి పిల్లల తల్లి వద్దు. గుమాస్తాకు ఏడుపొక్కటే తక్కువ.

పెద్దసారు గదిలోంచి విసురుగా వచ్చారు. "ఏమిటయ్యా ఈ సంత? ఆ రుసుమే వద్దు. కట్టినవాళ్లకి తిరిగిచ్చేస్తామని నోటీసు అంటించు."

గుమాస్తా, భార్య ఉద్యోగాన్ని తన చేత్తోనే ఊడబెరుకుతున్నందుకు తనను తాను తిట్టుకుంటూ నోటీసు అంటించాడు. జనం దగ్గరికొచ్చి చదివారు.

"డబ్బు తిరిగిస్తారా? అయితే మా నీటికుక్కని ఎవరికిస్తున్నారు?" అంది ముసలావిడ.

"ఇంకెవరికి, మా తోడల్లుడికే," అన్నాడు దర్జీ నోటీసు చింపేస్తూ. "ఏడాది రుసుము ఇప్పుడే కడతాను. రసీదు రాయండి."

అతన్ని చూసి మిగతావాళ్లూ ఎగబడ్డారు. సాయంత్రానికి రుసుము నిలిచింది, భార్య ఉద్యోగమూ నిలిచింది. పెద్దసారు మురిసిపోయి కావలివాళ్లకు ఒక ఉత్తర్వు పంపారు: ఇంటికొకటి చొప్పున నాలుగు వేల నీటికుక్కలకు నెలాఖరులోగా నంబర్లు వేయాలి.

మర్నాడు పొద్దున భార్య ఆ ఉత్తర్వును మడిచి మొగుడి జేబులో పెట్టి, పడవ తెడ్డు చేతికిచ్చింది. "నదిలో ఉన్నవి పధ్నాలుగు. మిగతావి మీరే వెతికిపెట్టండి."

ఆయనకు ఈత రాదు.