జేబుల్లో ఎర్ర సిరా

చీటీలు పోయిన రోజు ఉదయం టైలరు మాస్టారు అనుకున్న పనులు మూడే. తొమ్మిదింటిలోగా మిగిలిన ఒక్క కాలరూ కుట్టెయ్యడం, ఆ తర్వాత చీటీలన్నీ ఒకసారి తిరగెయ్యడం, రెండింటి బస్సెక్కి కుట్టు శిక్షణ కేంద్రంలో మూడింటికి జరిగే ఇంటర్వ్యూకి వెళ్లడం. కాలరు సవ్యంగానే వచ్చింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి చీటీలు చూసుకుంటే మాత్రం ఐదు తక్కువయ్యాయి.

అవి ఆయన భార్య రాసినవి. ఆవిడ ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. ఊళ్లో సగం మంది పాత నోటుబుక్కుల్లో ఆవిడ ఎర్ర సిరా ఉంది. శిక్షణ కేంద్రంలో నాలుగైదు భాషల పిల్లలు చేరతారు గనక, కుట్టు నేర్పే మనిషికి ఇంగ్లీషు మాట్లాడటం రావాలన్న ప్రకటన చూసి, ఆయన వద్దంటున్నా దరఖాస్తు ఆవిడే నింపింది. ఆ తర్వాత ఆసుపత్రి మంచం మీద కూర్చుని రోజుకి నాలుగేసి చీటీలు రాసింది. ఒక వైపు రెండేసి పదాలు కలిసిన ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగు అర్థం.

"గ్రామరు మీకు రాదు, ఇక రాబోదు కూడా. ఈ జంట మాటలు పట్టుకోండి, బండి నడుస్తుంది" అంది.

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఇంటర్వ్యూకి పిలుపు మాత్రం పోయిన వారమే వచ్చింది.

మాస్టారి చదువు పద్ధతి మాస్టారిది. కుడుతున్న బట్టకి జేబు పడగానే అందులో ఒక చీటీ వేస్తాడు. కుట్టు పూర్తయ్యేలోగా మాట నోటికి రావాలి. వస్తే చీటీ తిరిగి డబ్బాలోకి వెళుతుంది. రాకపోతే ఇస్త్రీ దాకా గడువు.

ఆయన కుట్టిన బట్టలు తగిలించే మేకుల వైపు చూశాడు. నాలుగు మేకులూ ఖాళీగా ఉన్నాయి.

"అమ్మాయ్, బట్టలేవి?"

కాజాలు కుడుతున్న మరదలు తలెత్తలేదు. "పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేసొచ్చా బావా. ఇవాళ నీకే తలనొప్పీ ఉండకూడదని."

"జేబులు చూశావా?"

"జేబులెందుకు చూస్తాను? నేనేమైనా దొంగనా?"

మాస్టారు కుట్టుమిషను బల్ల మీద రెండు చేతులూ ఆనించి కూర్చుండిపోయాడు. నాలుగు బట్టలు, నాలుగు చీటీలు. మరి ఐదోది? అది ఆవిడ ఆఖరున రాసింది. దాని వెనక అర్థం రాయడానికి ఆవిడకి వీలు చిక్కలేదు.

"పోతే పోనీలే బావా. అవన్నీ నీకు నోటికొచ్చుగా?"

"మాటలొచ్చు. ఆ చేతిరాత మళ్లీ రాదమ్మా."

మరదలు సూది చాపలో గుచ్చి లేచింది. "పద."

మొదటి చొక్కా పక్క వీధిలో ఉండే పోస్టాఫీసు గుమస్తాది. ఆయనకీ, పైవాటాలో ఉండే అన్నగారికీ నీళ్ల మోటారు ఎవరు ముందు వెయ్యాలన్న విషయంలో మూడేళ్లుగా మాటల్లేవు, తిట్లే. మాస్టారు వెళ్లేసరికి గుమస్తా కొత్త చొక్కా తొడుక్కుని మెట్లు దిగుతున్నాడు. ముఖం కడిగిన పలకలా ఉంది.

"టీచరుగారు రాశారు మాస్టారూ, నా జేబులో! 'గివ్ ఇన్: పంతం వదిలి ఒప్పుకోవడం.' మూడేళ్ల నుంచి చూసి చూసి ఇక పై నుంచే కబురు పెట్టారు."

"అది నీకు కాదు నాయనా, నాకు."

"మీకు పంతమేంటి? మీ నోట్లో వేలు పెట్టినా కొరకరు. ఇది నాకే. మోటారు నువ్వే ముందు వేసుకో అన్నయ్యా అని చెప్పేసొచ్చా."

అంతలో అన్నగారు కండువాతో కళ్లొత్తుకుంటూ దిగాడు. మాస్టారిని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "మావాడికేమైంది? నిజం చెప్పండి. నిన్నటిదాకా బాగానే తిట్టాడే!"

ఎవరెంత చెప్పినా వినకుండా అన్నగారు తమ్ముణ్ని ఆటోలో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. రెండో చీటీ ఆ డాక్టరు కొత్త తెల్లకోటులోనే ఉంది కాబట్టి మాస్టారూ, మరదలూ కూడా అదే ఆటో ఎక్కారు.

డాక్టరుగారు మామూలుగా మనిషికి మాత్ర ఒకటి, మాటలు వెయ్యి ఇచ్చే రకం. ఆవేళ నోరు విప్పడం లేదు. కోటు జేబులో 'కట్ డౌన్: తగ్గించడం' అని దొరికింది. చిన్నప్పుడు ప్రతి ప్రోగ్రెసు కార్డు మీదా టీచరుగారు 'మాటలు తగ్గించాలి' అని ఎర్ర సిరాతోనే రాసేవారు. ఇప్పుడాయన గుమస్తా గుండె విని, నాడి చూసి, మాట్లాడకుండా భుజం తట్టాడు. అన్నగారు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

బయట బెంచీల మీద అప్పటికే గగ్గోలుగా ఉంది. "నాకూ అంతే, భుజం తట్టి పంపించేశాడు" అంటోంది దగ్గుతో వచ్చినావిడ. "ఇంత వాగుడుకాయ మాట్లాడటం లేదంటే ఇక చెప్పడానికేం లేదన్నమాట." పక్కాయన ఇంటికి ఫోను చేసి అందరినీ రమ్మంటున్నాడు.

మాస్టారు సంగతంతా విప్పి చెప్పాడు. డాక్టరు మందుల చీటీ మీద, 'టీచరుగారి మాట దాటలేను' అని రాసి చూపించాడు.

"మీరిలాగే ఉంటే జబ్బు లేనివాళ్లు కూడా పోయేలా ఉన్నారండీ" అంది మరదలు.

డాక్టరుకి ఆ మాట తగిలింది. "ఇతనికేం లేదు! ఎవరికీ ఏం లేదు!" అని మొదలుపెట్టి, పొద్దున్నుంచీ బిగబట్టినదంతా కలిపి ముప్పావుగంట మాట్లాడాడు. చీటీ మాత్రం ఇవ్వలేదు. దాన్ని అప్పటికే బల్ల అద్దం కింద పెట్టేసుకున్నాడు.

రెండింటి బస్సు డ్రైవరు ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. పరిగెత్తుకొచ్చేవాళ్లని అద్దంలో చూసి మరీ వేగం పెంచుతాడని పేరు. మాస్టారు మరదలితో సహా భయపడుతూ రెండుంపావుకి స్టాపు చేరితే బస్సు ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు కొత్త ఖాకీ చొక్కాలో ప్రశాంతంగా కూర్చున్నాడు.

"అన్నా, పోనివ్వవయ్యా!" కండక్టరు నెత్తి కొట్టుకుంటున్నాడు.

"ఒకావిడ గొడుగు మర్చిపోయి ఇంటికెళ్లింది. వస్తుంది" అన్నాడు డ్రైవరు. "'హోల్డ్ ఆన్: కాస్త ఆగడం.' టీచరుగారు చెప్పాక కూడా ఆగకపోతే నేను మనిషినా?"

తర్వాతి స్టాపులో ఎవరూ లేరు. అక్కడా ఆగాడు, ఎవరైనా రావచ్చని. మాస్టారు నోరు తెరిచి అడగబోయి, కుంటుకుంటూ వచ్చిన ఒక ముసలాయన మొదటిసారి తీరిగ్గా మెట్టెక్కడం చూసి మూసుకున్నాడు.

శిక్షణ కేంద్రం చేరేసరికి నాలుగు దాటింది. గేటుకి కాయితం అంటించి ఉంది: ఇంటర్వ్యూలు రద్దు. ఏడుగురు అభ్యర్థులు మెట్ల మీద కూర్చుని గొణుక్కుంటున్నారు.

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. తమ ఊళ్లోనే కాపురముండే ఈ కేంద్రం ప్రిన్సిపాలు కోటు కుట్టింది తనే. అందులో వేసిన చీటీ 'కాల్ ఆఫ్: అనుకున్నది రద్దు చెయ్యడం.'

లోపల ప్రిన్సిపాలు ఎర్ర సిరా చీటీ చేత్తో పట్టుకుని, పాఠం రాని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఎదురుగా పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి కూర్చుని ఉంది. ఆవిడకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. ఎందుకు రద్దు చేశావన్నదే ఆవిడ ప్రశ్న. ఎనిమిది నెలల క్రితం పోయిన టీచరుగారు చెప్పారని ఏ భాషలో చెప్పాలో ప్రిన్సిపాలుకి తెలియడం లేదు.

మాస్టారు గుమ్మంలో ఆగాడు. ఇంగ్లీషులో చెప్పాలి. తప్పొస్తే ఉద్యోగం పోతుంది, నోరెత్తకపోతే బయటున్న ఏడుగురికీ పోతుంది. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుని, తప్పు తనదేనని మొదలుపెట్టాడు. అన్నదమ్ముల దగ్గర గివ్ ఇన్ వచ్చింది. డాక్టరు దగ్గర కట్ డౌన్, బస్సు దగ్గర హోల్డ్ ఆన్ వాటంతటవే వచ్చాయి. డబ్బాలో ఉన్నవి కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. మధ్యలో గ్రామరు మూడు చోట్ల చిరిగింది. అధికారిణి పట్టించుకోలేదు. డాక్టరు దగ్గరకొచ్చేసరికి ఆవిడ నవ్వుతోంది, భార్య గురించి చెప్పేసరికి కళ్లద్దాలు తుడుచుకుంది.

ఆయన ముగించగానే ఆవిడ గోడ గడియారం చూసి, కాయితం మీద ఏదో రాసుకుంది. మాస్టారి ఇంటర్వ్యూ అయిపోయిందనీ, మిగతా ఏడుగురినీ పిలవమనీ చెప్పింది. ఆరింటికి అదే గేటుకి, ఎంపికైనవాళ్ల పేర్లతో మరో కాయితం అంటించారు. అందులో మొదటి పేరు మాస్టారిది. పిల్లలు సోమవారం వస్తారు.

ప్రిన్సిపాలు అభినందించాడు గానీ, చీటీ తిరిగివ్వమంటే వెనక్కి దాచుకున్నాడు. "టీచరుగారిది ఇదొక్కటే ఉంది మాస్టారూ నా దగ్గర."

గేటు బయట మాస్టారు చెమట తుడుచుకుందామని జేబురుమాలు లాగాడు. దాంతోపాటే ఐదో చీటీ కింద పడింది.

మరదలు వంగి తీసింది. "అయ్యో, ఇది పొద్దున మిషను మీద ఉంటే నేనే నీ జేబులో పెట్టా బావా. దారిలో చదువుకుంటావని." ముందు వైపు కూడబలుక్కుని చదివింది. "గెట్ ఓవర్. అంటే ఏంటి?"

"దుఃఖంలోంచి తేరుకోవడం."

"తెలుసు కదా! మరి వెనక రాసెయ్యొచ్చుగా?"

మాస్టారు చీటీ తీసుకుని, మడత పడకుండా జేబులో పెట్టుకుని, బస్సు వైపు నడిచాడు. డ్రైవరు ఆగే ఉన్నాడు.

ఆ చీటీ వెనక వైపు ఇంకా ఖాళీగానే ఉంది.